కుర్చీలు చూడ్డానికి మ్యూజియానికి వెళ్లాలా?

పాఠకుల ప్రశ్నలకు విజయనగరం నుంచి ఒక రిటైర్డ్ డ్రాయింగ్ టీచర్ జవాబులు

ప్రశ్న: నమస్కారమండీ. మా అబ్బాయి వియన్నాలో ఉద్యోగం చేస్తున్నాడు. మే నెలలో మా ఇద్దర్నీ రమ్మంటున్నాడు. మా ఆయన జీవితమంతా వడ్రంగం చేసిన మనిషి. కోటలు, పెయింటింగులు చూపిస్తానంటే "నాకెందుకురా అవన్నీ" అంటున్నారు. కుర్చీలు, బల్లలు, గ్లాసులు పెట్టిన మ్యూజియం ఒకటుందని, అది నాన్నకి నచ్చుతుందని మావాడు అంటున్నాడు. అంత దూరం వెళ్లి, టికెట్ కొని కుర్చీలు చూడాలా? — ఒక పాఠకురాలు, బొబ్బిలి

జవాబు: చూడాలమ్మా. మిగతావి మానుకున్నా ఇది మానొద్దు. మీ అబ్బాయి చెప్పింది మాక్ అనే మ్యూజియం గురించే అయ్యుంటుంది. మా అమ్మాయి అక్కడ చదువుకునే రోజుల్లో నేనూ చూశాను. వియన్నా పాత ఊరి అంచున, ష్టూబెన్‌రింగ్ రోడ్డు మీద ఎర్ర ఇటుకల భవనం. ఒకప్పుడు అక్కడ ఊరి చుట్టూ కోటగోడ ఉండేది. 1857లో చక్రవర్తి ఆజ్ఞతో దాన్ని పడగొట్టి, ఆ జాగాలో పెద్ద వీధి వేశారు. దగ్గర్లోని ష్టూబెన్‌టోర్ మెట్రో స్టేషన్ దగ్గర ఆ పాత గోడ ముక్క ఇంకా కనిపిస్తుంది. దిగగానే చూడండి.

ఇది రాజుల నగలు దాచిన చోటు కాదు. లండన్‌లోని సౌత్ కెన్సింగ్టన్ మ్యూజియాన్ని ఆదర్శంగా తీసుకుని, రుడాల్ఫ్ ఫాన్ ఐటెల్‌బెర్గర్ అనే ప్రొఫెసర్ పూనికతో 1863లో మొదలైంది. చేతిపని చేసేవాళ్లు, ఫ్యాక్టరీలవాళ్లు వచ్చి మంచి వస్తువులు చూసి నేర్చుకోవాలన్నది ఉద్దేశం. 1867లో దానికి అనుబంధంగా బడి కూడా పెట్టారు. అంటే మీవారిలాంటి వాళ్లని తలుచుకుని పెట్టిన మ్యూజియమే అది. మొహమాటపడకుండా లోపలికి రమ్మనండి.

నేను వెళ్లినప్పుడు ఒక పొడవాటి గదిలో రెండు పక్కలా తెల్ల తెరలు కట్టి, వాటి వెనక కుర్చీలు పెట్టి, వెనక నుంచి దీపాలు వేశారు. మధ్యలో నడుస్తుంటే నీడలే కనిపిస్తాయి. పాలిష్ లేదు, రంగు లేదు, వంపు ఒక్కటే. తెర వెనక్కి వెళ్తే అసలు కుర్చీలు ఉంటాయి. నీడలు చూశాక వాటి దగ్గరికి వెళ్తే, అంతకుముందు ఎన్నడూ కుర్చీని సరిగ్గా చూడలేదేమో అనిపించింది.

మీవారిని 14వ నంబరు మోడల్ కుర్చీ దగ్గర ఆపండి. చేసినవాడు మిఖాయెల్ థోనెట్. రైన్ నది ఒడ్డు నుంచి వియన్నాకి వచ్చి స్థిరపడ్డ వడ్రంగి. కుర్చీ 1859 నాటిది. బీచ్ చెక్కని ఆవిరిలో మెత్తబరిచి, వేడి మీదుండగానే అచ్చుకి వంచేవాళ్లు. చెక్కని వంచితే బయటి వైపు సాగి చీలుతుందని మీవారికి నేను చెప్పక్కర్లేదు. థోనెట్ ఆ బయటి వైపున ఇనుప పట్టీ బిగించి వంచాడు. పట్టీ సాగదు, దాంతో చెక్కా సాగలేదు. లోపలి వైపు మాత్రం నొక్కుకుంటుంది, చీలిక రాదు. అంతకుముందు పల్చటి పొరలు జిగురుతో అతికి వంచేవాడు. ఓడల్లో దూరదేశాలకి పంపితే తేమకి జిగురు వదిలేసేది. ఆ ఇబ్బందే అతన్ని గట్టి చెక్క వైపు నడిపించింది.

ఆ కుర్చీ మొత్తం ఆరు చెక్క ముక్కలు, పది స్క్రూలు, రెండు నట్లు. కూర్చునే చోట పేము అల్లిక. విప్పి సర్దితే ఒక ఘనపు మీటరు పెట్టెలో 36 కుర్చీలు పట్టేవి. వియన్నా కాఫీ హోటళ్ల నుంచి ప్రపంచమంతా పాకింది. 1930 నాటికి 5 కోట్ల కుర్చీలు తయారయ్యాయని లెక్క.

మీ ఊరివాళ్లకి ఈ సంగతి ఇంకా బాగా పట్టుబడుతుంది. గొల్లపల్లిలో వీణని ఒకే పనస దుంగలోంచి తొలుస్తారు, అతుకు లేకపోవడమే దాని గొప్ప. ఇక్కడేమో ముక్కలుగా విడిపోవడమే గొప్ప. వీణకి నాదం కావాలి, ఈ కుర్చీకి ప్రయాణం కావాలి. మీవారు ఆ స్క్రూ బిగించిన చోటు చూసి ఏమన్నారో నాకు ఉత్తరం రాయండి, నిజంగా తెలుసుకోవాలనుంది.

తర్వాత వీనర్ వెర్క్‌ష్టేట్ వాళ్ల వస్తువులు. యోసెఫ్ హోఫ్‌మన్, కోలోమన్ మోజర్ 1903లో పెట్టిన కార్ఖానా అది. వెండి గిన్నెలు, గాజు, బట్టలు, అన్నీ చేసేవాళ్లు. అక్కడి వెండి సామానుల్లో డిజైన్ గీసినవాడి గుర్తుతో పాటు పని చేసినవాడి గుర్తు కూడా వేసేవాళ్లు. అది చదివి నాకు కళ్లు చెమర్చాయి. మన బుడితి ఇత్తడి చెంబుల్ని ఎంతమందిమి వాడాం, చేసినవాడి పేరు ఎవరికి తెలుసు? అయితే ఒక మాట. ఆ కార్ఖానా సరుకు డబ్బున్నవాళ్లే కొనగలిగారు, 1932లో మూతపడింది. ఏ పనివాడి చేతిలో తయారైందో తెలియని థోనెట్ కుర్చీ మాత్రం మామూలు హోటళ్లదాకా వెళ్లింది. రెండూ పక్కపక్క గదుల్లో చూస్తే, పనివాడికి పేరూ దక్కి, మామూలు మనిషికి వస్తువూ అందాలంటే ఎలాగన్న ప్రశ్న వదలదు. నాకింకా వదల్లేదు.

క్లిమ్ట్ అనే చిత్రకారుడు బ్రసెల్స్‌లోని ఒక భవనం గోడ కోసం గీసిన పెద్ద నమూనాలు కూడా ఉన్నాయి. బంగారం, పాలరాయి లాంటివి ఎక్కడ ఏది పొదగాలో పనివాళ్లకి సూచనలు ఆయన చేతిరాతతోనే ఉంటాయి. బొమ్మ ఒక్కటే చూసి వచ్చేయకండి.

మీ కోసం కూడా ఒకటుందమ్మా. వియన్నాలో పుట్టిన మార్గరెటె షుటె లిహోట్స్‌కీ అనే ఆర్కిటెక్ట్ 1926లో ఫ్రాంక్‌ఫర్ట్ ఇళ్ల కోసం గీసిన వంటగది. దాని నమూనా అక్కడ కట్టి పెట్టారు. సుమారు పదివేల ఇళ్లలో కట్టారు దాన్ని. ఆడమనిషి వంటగదిలో ఎన్ని అడుగులు నడుస్తుందో లెక్క కట్టి, ఆ అడుగులు తగ్గేలా పొయ్యి, తొట్టె, అరలు అమర్చింది. పప్పులు, బియ్యం పోసుకునే అల్యూమినియం డబ్బాలు సొరుగుల్లా లాగేవి, మూతి ఉన్నవి. నేను ఎక్కువసేపు నిలబడిపోయింది అక్కడే.

సోమవారం సెలవు. మంగళవారం రాత్రిదాకా తెరిచి ఉంటుంది. టైమింగ్స్ మీ అబ్బాయిని ఒకసారి సరిచూడమనండి. మోకాళ్ల నొప్పులుంటే అన్నీ చూడాలన్న టెన్షన్ పెట్టుకోకండి, కుర్చీలు, వంటగది చాలు.

ప్రశ్న: మేమూ అక్కడికే వెళ్తున్నాం. ఆరో తరగతి మనవడు మ్యూజియం అనగానే మొహం ముడుచుకుంటున్నాడు. ఎలా? — ఒక పాఠకుడు, శ్రీకాకుళం

జవాబు: వాడికో పెన్సిలు, తెల్లకాగితాల పుస్తకం కొనివ్వండి. నచ్చిన ఒక్క కుర్చీని గియ్యమనండి. అక్కడ 19 ఏళ్ల లోపు వాళ్లకి టికెట్ లేదు కాబట్టి, వాడికి విసుగొచ్చి మధ్యలో బయటికొచ్చేసినా డబ్బు దండగ కాదు.

ప్రశ్న: టీచర్‌గారూ, నేను ఫ్యాషన్ డిజైన్ చదువుతున్నాను. మాది పొందూరు. మన బట్ట యూరప్ మ్యూజియంలలో ఎక్కడైనా ఉంటుందా? — ఒక విద్యార్థిని

జవాబు: తల్లీ, మీ జిల్లా సన్నబట్టకి పాత పేరే ఉంది. శ్రీకాకుళం మస్లిన్ ఢాకా, ఆర్ణి మస్లిన్‌లకి సాటి అని బ్రిటిష్ కాలం గెజిటీర్లు రాశాయి. 1866లో ఫోర్బ్స్ వాట్సన్ అనే అధికారి మన దేశపు బట్టల నుంచి 700 నమూనా ముక్కలు కత్తిరించి 18 సంపుటాలుగా అతికించాడు. ఇంగ్లండ్ మిల్లులవాళ్లు చూసి, అలాంటివి నేసి మనకే అమ్ముకోవడానికి. మ్యూజియంలో మన బట్ట కనిపిస్తే సంతోషించు, కానీ అది అక్కడికి ఎందుకు చేరిందో కూడా చదువు.

లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ (వి అండ్ ఏ) మ్యూజియంలో భారతీయ వస్త్రాలు చాలా ఉన్నాయి, ఇంటర్నెట్‌లో ఇంట్లోంచే వెతకొచ్చు. ఈలోగా నీకో పని. మీ వీధిలో వాలుగ చేప దవడతో పత్తి దువ్వి, ఏకులు చేసి, 100వ నంబరు నూలు వడికే అమ్మలు ఇంకా ఉన్నారు కదా. వాళ్ల చేతుల్ని దగ్గర నుంచి ఫొటో తియ్యి. ప్రతి ఫొటో కింద ఆమె ఒప్పుకుంటే పేరు, ఏ పత్తి, ఏ నెలలో వడికింది, అన్నీ రాసి పెట్టు. సెలవుల్లో మొదలుపెట్టు.