సమాధానం: పాండాస్‌లో ఇష్యూ అడిగితే ఎవరూ పలకడం లేదు

తమ్ముడూ, గిట్‌హబ్‌లో పాండాస్ (డేటా పట్టికలతో పనిచేసే పైథాన్ లైబ్రరీ) ఇష్యూ కింద, అంటే బగ్ గురించో మార్పు గురించో పెట్టిన పోస్టు కింద, "నాకు అసైన్ చేయండి" అని రాసి పది రోజులైనా ఎవరూ పలకలేదన్నావు. నిన్ను పక్కన పెట్టారనుకోకు. అక్కడ ఎవరినీ అడగక్కర్లేదు. ఆ ఇష్యూ ఇంకెవరి పేరు మీదా లేకపోతే, కామెంట్‌లో ఇంగ్లిష్‌లో "టేక్" అని ఒక్క మాట, అన్నీ చిన్న అక్షరాల్లో రాయి. దానంతటదే నీ పేరు మీదకు వస్తుంది. ముందు, దానికి ఎవరైనా పుల్ రిక్వెస్ట్ (తాము మార్చిన కోడ్ కలుపుకోమని పంపే అభ్యర్థన) పెట్టారేమో మాత్రం చూసుకో.

మొదటిసారి కాబట్టి "గుడ్ ఫస్ట్ ఇష్యూ", "డాక్స్" లేబుళ్లున్నవి వెతుకు. డాక్స్ అంటే లైబ్రరీ ఎలా వాడాలో వివరించే పేజీలు, వాటి మీద చిన్నచూపు వద్దు. ఒక ఫంక్షన్‌కు సరైన ఉదాహరణ లేక నేను పూటంతా కూర్చున్న రోజులున్నాయి.

బగ్ అయితే ముందు దాన్ని పట్టుకునే టెస్ట్ (కోడ్ సరిగా పనిచేస్తోందో చూసే చిన్న కోడ్) రాయి. అది ఫెయిలవ్వాలి, కోడ్ సరిచేశాక పాసవ్వాలి. టెస్టులన్నీ నడపకు, వేలల్లో ఉంటాయి. టెస్టులు నడిపే పైటెస్ట్ టూల్‌కు నీకు కావలసిన ఫైలు ఒక్కటే ఇవ్వు. పుల్ రిక్వెస్ట్ వివరణలో "క్లోజెస్" అని ఇంగ్లిష్‌లో రాసి, పక్కనే హ్యాష్ గుర్తుతో ఇష్యూ నంబరు పెడితే, మెర్జ్ కాగానే, అంటే నీ కోడ్ ప్రాజెక్టులో కలవగానే, ఇష్యూ మూసుకుంటుంది.

పుల్ రిక్వెస్ట్ మీద నడిచే ఆటోమేటిక్ తనిఖీల్లో ఎర్ర గుర్తులు కనిపిస్తే టెన్షన్ పడకు. లాగ్ తెరిచి చివరి లైన్లు చదువు. నాకు చాలాసార్లు వాడని ఇంపోర్టో, లైన్ చివర మిగిలిన ఖాళీనో తగిలేది. కమిట్ చేసే ముందే కోడ్‌ను తనిఖీ చేసే ప్రీ-కమిట్ టూల్ పెట్టుకుంటే అలాంటివి నీ ల్యాప్‌టాప్‌లోనే దొరికిపోతాయి.

రివ్యూ ఆలస్యమైతే ఓ వారం ఆగి, మర్యాదగా ఒక్కసారి గుర్తుచెయ్యి. రివ్యూ చేసేవాళ్లలో చాలామంది తీరిక వేళల్లో చేస్తున్నవాళ్లే. నీ ల్యాప్‌టాప్‌లో పాండాస్‌ను సోర్స్ కోడ్ నుంచి తయారుచేసే బిల్డ్ దగ్గర ఆగిపోతే ఎర్రర్ మొత్తం ఇక్కడే పెట్టు, చూస్తాను.