కార్యదర్శి అవుతున్న అమ్మాయికి

చి. సునీతకు పెదనాన్న ఆశీస్సులు.

మన నగరంలోని ఊపిరితిత్తుల వైద్యుల సంఘానికి నిన్ను కార్యదర్శిగా ఎన్నుకున్నారని మీ నాన్న ఫోనులో చెప్పగానే పొంగిపోయాను. ఆ రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు, ఎందుకంటే ఆ కుర్చీలో నేనూ మూడేళ్లు కూర్చున్నాను.

చందాలకు రసీదులు ఇప్పించు, లెక్కలు ఏటా ఆడిట్ చేయించు. వాటి గురించి ఇంతకు మించి చెప్పనక్కరలేదు.

చెప్పవలసింది నా తప్పు గురించి. నా హయాంలో బీచ్ రోడ్డులోని ఒక పెద్ద హోటల్లో రెండు రోజుల సదస్సు జరిపి (భోజనాలు మాత్రం అమోఘం), రోగులకు ఇన్‌హేలర్ వాడకం నేర్పే పనిని ఖర్చు భరించిన మందుల కంపెనీకే వదిలేశాను. వాళ్లు పంచిన ఇంగ్లీషు కరపత్రాలు చూసి పని అయిపోయిందనుకున్నాను. ఆ మరుసటి వారమే పోర్టులో బొగ్గు మోసే కళాసీ ఒకాయన, ఏడాదిగా మందు వాడుతున్నా ఆయాసం తగ్గలేదంటూ ఓపీకి వచ్చాడు. మోతాదు పెంచబోతూ, ఎందుకో ఎలా వాడుతున్నావో చూపించమన్నాను. ఆయన చొక్కా జేబులోంచి, పరికరంలో పెట్టి పీల్చవలసిన క్యాప్సూల్ తీసి నోట్లో వేసుకొని, నా బల్ల మీది నీళ్లతో మింగేశాడు. పరికరం ఏదయ్యా అంటే, పిల్లవాడు ఆడుకుంటున్నాడన్నాడు. ఆయన్ని కసిరాను. ఏడాదిలో ఆరుసార్లు చీటీ రాసి ఒక్కసారీ అడగని నన్ను కసరవలసినవాళ్లు ఆ గదిలో లేరు.

2013లో ఇండియన్ చెస్ట్ సొసైటీ, నేషనల్ కాలేజ్ ఆఫ్ చెస్ట్ ఫిజీషియన్స్ కలిసి సీఓపీడీకి, అంటే ఊపిరి గొట్టాలు మూసుకుపోతూ ఏళ్ల తరబడి ఆయాసపెట్టే జబ్బుకు, మార్గదర్శకాలు వెలువరించాయి. వాటిని మన వాల్తేరు ఛాతీ ఆసుపత్రి నర్సుకూ, గాజువాక క్లినిక్కు కాంపౌండరుకూ తెలుగులో, చేతికి పరికరమిచ్చి నేర్పడం నీ సంఘం పని. స్పైరోమెట్రీ (గొట్టంలోకి ఊదించి ఊపిరితిత్తుల సత్తా కొలిచే పరీక్ష) చేసేవారికి కూడా, రోగి నుంచి కనీసం మూడు సరైన ఊదుళ్లు రావాలనీ, వాటిలో మంచి రెండింటికీ 150 మిల్లీలీటర్లకు మించి తేడా ఉండకూడదనీ దగ్గరుండి చూపించండి. 2020 మే 7న వెంకటాపురంలో ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే విషపు ఆవిరి కమ్మిన తెల్లవారుజామును తలచుకొని, ఎవరు ఏ ఆసుపత్రికి పరుగెత్తాలో, ఆక్సిజన్ ఎక్కడ దొరుకుతుందో ఇప్పుడే రాసి పెట్టుకోండి. ఈ విషయంలో నా తొందరను చాదస్తమనుకున్నా సరే.

ఆరేళ్లప్పుడు నీకు పిల్లికూతలు వస్తే, ఇన్‌హేలర్‌కు తగిలించే స్పేసర్ గొట్టం దొరకక, కాగితపు కప్పు అడుగున చిల్లు పెట్టి నీకు మందు పట్టాను. ఏడుస్తూనే పీల్చావు. శిక్షణకు వాడే ఖాళీ ఇన్‌హేలర్లు నా బీరువాలో ఇంకా ఉన్నాయి. ఆదివారం వచ్చి పట్టుకుపో.

మీ పెదనాన్న