ఇంట్లో కంప్యూటర్ ఫైళ్లకు ఏ బ్యాకప్ అనువుగా ఉంటుంది?
రాజోలు దగ్గర లంకలో ఉంటాం, ఫొటోలు, పొలం కాగితాల స్కాన్లు ఎలా దాచుకోవాలి అని అడిగారు కదండీ. బ్యాకప్ అంటే ఫైళ్లకు విడిగా దాచే కాపీ, ఒక్క కాపీనే నమ్ముకోవద్దు. ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ కొని విండోస్‌లోనే ఉన్న ఫైల్ హిస్టరీ (ఫైళ్లను తనంతట తానే డిస్క్‌లోకి కాపీ చేసే సదుపాయం) ఆన్ చేయండి. ఏ ఫోల్డర్లు, ఎంతసేపటికోసారి అన్నది మీ ఇష్టం, పాత వెర్షన్లు కూడా ఉంచుతుంది కాబట్టి పిల్లలు ఏదైనా చెరిపేసినా నిన్నటిది తెచ్చుకోవచ్చు. కాపీ అయ్యాక డిస్క్ తీసేయండి, ఎందుకంటే ఫైళ్లకు తాళం వేసే వైరస్ తగిలించి ఉన్నదాన్నీ వదలదు. ఇంటర్నెట్‌లో ఫైళ్లు దాచుకునే గూగుల్ డ్రైవ్‌లో ఉచితంగా వచ్చే 15 జీబీలోనే జీమెయిల్ కూడా సర్దుకోవాలి, అందుకని అందులో కాగితాల స్కాన్లు మాత్రం పెట్టండి, ఫొటోలు పట్టవు. ఇక అసలు టెన్షన్ గోదావరితోనే: వరదొస్తే కంప్యూటరూ డిస్కూ ఒకే గదిలో మునుగుతాయి. రెండో డిస్క్ రాజమండ్రిలో చుట్టాలింట్లో ఉంచి, జూలైలోపు ఓసారి తెచ్చి కొత్తవి ఎక్కించి పంపేయండి.