గేటు వసూళ్లలో ఎవరిది పైచేయి?

ప్రశ్న: టికెట్ల రాబడిలో బాక్సింగ్ గొప్పదా, ఎంఎంఏనా (మిశ్రమ యుద్ధకళల పోటీలు)? మా జిమ్‌లో రోజూ ఇదే వాదన. – ఓ పాఠకుడు, మలక్‌పేట, హైదరాబాద్

జవాబు: రికార్డు బాక్సింగ్‌దేనండీ. 2015లో లాస్ వేగాస్‌లో బాక్సర్లు మేవెదర్–పకియావ్ పోటీకి 16,219 టికెట్లు అమ్మితే దాదాపు 7.22 కోట్ల డాలర్లు వచ్చాయి. సగటున టికెట్‌కు 4,450 డాలర్లు! 2016లో న్యూయార్క్‌లో ఎంఎంఏ పోటీలు నడిపే యూఎఫ్‌సీ సంస్థ వారి ‘యూఎఫ్‌సీ 205’కు 20,427 మంది వచ్చినా గేటు (టికెట్ల రాబడి) 1.77 కోట్ల డాలర్లే.

పోల్చేటప్పుడు ఒక తిరకాసుంది. మొదటిది అమ్మిన టికెట్ల లెక్క, రెండోది హాజరు. హాజరులో ఉచిత పాసులూ కలుస్తాయి కనుక, దాంతో గేటును భాగిస్తే సగటు ధర తక్కువగా తేలుతుంది. లాస్ వేగాస్ ఉన్న నెవాడా రాష్ట్రపు క్రీడా కమిషన్ పట్టికల్లో అమ్మినవీ ఉచితమైనవీ విడివిడిగా ఉంటాయి, వాటినే పట్టుకోండి.

ఇంకోటి, బాక్సింగ్‌లో జనం ఇద్దరి పేర్లు చూసి కొంటారు. అలాంటి జోడీ ఏళ్లకోసారి కుదిరితే గొప్ప. యూఎఫ్‌సీ మాత్రం సంస్థ పేరు మీదే ఏడాది పొడవునా అమ్ముకుంటుంది.