ఆరు డాలర్ల సిగార్‌లో నిజంగా రుచి ఉంటుందా?

తోటి ఉద్యోగికి కొడుకు పుట్టాడని మీకు రెండు సిగార్లు ఇచ్చాడనీ, ఒకటి కాలిస్తే నోరంతా చేదై తల తిరిగిందనీ, రెండోది సొరుగులో ఎండిపోయిందనీ రాశారు. ఇరవై డాలర్ల లోపు దొరికేదంతా చెత్తేనని మీకు ఎవరో చెప్పారట. నిజమేనా, కాకపోతే ఏ పేర్లవి కొనాలి అని మీ ప్రశ్న.

నిజం కాదు. నేను ఫ్లోరిడాలోని టాంపాలో పన్నెండేళ్లుగా ఉంటున్నాను. నెలకు రెండో మూడో కాలుస్తాను, అన్నీ చేత్తో చుట్టినవే. ఒక్కోటి ఐదు నుంచి ఎనిమిది డాలర్లు. మీకు తగిలిన చేదుకు ధర కంటే తొందరే ఎక్కువ కారణమై ఉంటుందని నా నమ్మకం. అదెందుకో చెబుతాను.

దానికి ముందు ఒక మాట. మీకు అసలు పొగ అలవాటు లేకపోతే దీనికోసం కొత్తగా మొదలుపెట్టొద్దు. సిగార్ పొగను లోపలికి పీల్చం కాబట్టి ఏమీ కాదనే మాట తరచుగా వింటుంటాం. అది తప్పు. సిగార్ పొగకు క్షార గుణం ఎక్కువ. అందువల్ల నికోటిన్ నోటి లోపలి పొరల్లోంచే రక్తంలోకి వెళ్లిపోతుంది. నోరు, గొంతు, అన్నవాహిక క్యాన్సర్లు సిగార్ కాల్చేవాళ్లకూ వస్తాయి. శ్రీకాకుళం వైపు నిప్పు నోట్లో ఉండేలా అడ్డపొగ తాగే ఆడవాళ్లకు అంగిలి మీద వచ్చే పుళ్ల గురించి, క్యాన్సర్ గురించి డాక్టర్లు దశాబ్దాలుగా చెబుతూనే ఉన్నారు. నేను ఏడాదికోసారి డెంటిస్టుకు నోరంతా చూపించుకుంటాను, సిగార్ సంగతి దాచకుండా చెబుతాను. ఇదంతా తెలిసి అప్పుడప్పుడు ఒకటి కాల్చాలనుకునే పెద్దవాళ్ల కోసమే ఈ జవాబు. అమెరికాలో ఇరవై ఒక్క ఏళ్లు నిండితేనే అమ్ముతారు.

ఇప్పుడు ధర సంగతి.

మా తాతయ్యది గోదావరి లంక ఊరు. పొగాకు తోరణాలు కట్టి ఆరబెట్టడం, ఆరిన ఆకును మండె వేయడం (దొంతరగా పేర్చి మాగబెట్టడం), మండెలో చెయ్యి దూర్చి వేడి చూడడం నా చిన్నప్పటి జ్ఞాపకాలు. వేడి ఎక్కిందనిపిస్తే మండె విప్పి, పై ఆకు కిందికి, కింది ఆకు పైకి వేసి మళ్లీ కట్టేవాళ్లు. పచ్చి ఆకులో ఉండే ఘాటు, ముక్కు మండించే అమ్మోనియా వాసన ఆ వేడిలోనే పోతాయి. నికరాగ్వాలో సిగార్ పొగాకుకు చేసేదీ ఇదే పని. అక్కడ ఆ మండెను పిలోన్ అంటారు, మధ్యలో థర్మామీటర్ గుచ్చి వేడి చూస్తారు. ఇది తెలిసిన రోజు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. మా తాతయ్య చేత్తో చూసిన వేడినే వాళ్లు థర్మామీటరుతో చూస్తున్నారు!

చేత్తో చుట్టిన సిగార్‌లో మూడు వరసలుంటాయి. లోపల కూరే ఆకు ఫిల్లర్. దాన్ని బిగించి పట్టేది బైండర్. పైన అందంగా కనిపించేది రాపర్. ఫిల్లర్‌లో సిగార్ పొడవునా నిండు ఆకులు వేస్తే లాంగ్ ఫిల్లర్ అంటారు. మీరు కొనేటప్పుడు అడగాల్సింది ఈ ఒక్క ముక్కే. తరిగిన ముక్కలు కూరితే షార్ట్ ఫిల్లర్. అది త్వరగా వేడెక్కుతుంది, ఆకు తునకలు నాలుక మీదికి వస్తుంటాయి. చవక సిగార్లలో రెండు రకాలూ ఉంటాయి.

టాంపాలో ఈబోర్ సిటీ అని ఒక పాత పేట ఉంది. విసెంటె మార్టినెజ్ ఈబోర్ అనే ఆయన 1880లలో కీ వెస్ట్ నుంచి తన సిగార్ ఫ్యాక్టరీని ఇక్కడికి తరలించాడు, ఆయన పేరే ఆ పేటకు పడింది. ఇప్పటికీ అక్కడ వీధుల్లో కోళ్లు తిరుగుతుంటాయి. మన ఊళ్లో ఉన్నట్టే ఉంటుంది నాకు. ఏడో ఎవెన్యూలో ఒక దుకాణం కిటికీ పక్కన ఒక పెద్దాయన కూర్చుని సిగార్లు చుట్టేవాడు. మొదటిసారి చూసినప్పుడు ముప్పావుగంట అక్కడే నిలబడిపోయాను. ఆకును చెక్క మీద పరిచి అరచేత్తో నిమిరేవాడు. మధ్య ఈనె తీసేసి, అర్ధచంద్రాకారంలో ఉండే చవేటా అనే కత్తితో అంచు కోసేవాడు. ఆ ఆకును కింది నుంచి ఏటవాలుగా చుట్టుకుంటూ పైకి వచ్చేవాడు. ప్రతి చుట్టుకూ వేళ్లతో నొక్కి చూసేవాడు, ఎక్కడైనా మెత్తగా తగిలితే విప్పేవాడు. చివర చిన్న ఆకు బిళ్లకు వేలికొసతో జిగురు రాసి టోపీలా అంటించేవాడు. మా తాతయ్య తన చుట్టకు అక్కడ నూలు పోగు కట్టేవాడు, అంతే తేడా.

మరి ఇంత పని ఉన్న వస్తువు ఆరు డాలర్లకు ఎలా వస్తుంది? 1962లో అమెరికా క్యూబా మీద ఆంక్షలు పెట్టాక అక్కడి పొగాకు రైతులు, సిగార్ చుట్టేవాళ్లు చాలామంది నికరాగ్వా, హోండూరస్, డొమినికన్ రిపబ్లిక్‌లకు చేరారు. విత్తనాలూ, పనితనమూ వాళ్లతోనే వెళ్లాయి. నికరాగ్వాలో ఎస్తెలీ అనే ఊరు ఈ రోజు సిగార్ల ఊరే. ఒకే ఫ్యాక్టరీలో ఇరవై డాలర్ల సిగార్, ఆరు డాలర్ల సిగార్ పక్కపక్క బల్లల మీద తయారవుతాయి. ఖరీదైన దానిలో ఆకు ఇంకొన్నేళ్లు ఎక్కువ మాగి ఉంటుంది, రాపర్ మచ్చ లేకుండా ఉంటుంది, పెట్టె ఖర్చు, పేరు ఖర్చు ఉంటాయి. రంగు కలవలేదని పక్కన పెట్టిన సిగార్లను సెకండ్స్ అని కట్టలు కట్టి తక్కువకు అమ్ముతారు. రంగు కలవకపోతే రుచికి నష్టమేమీ లేదు. నేను సిగార్లు దాచుకునే డబ్బాలో ఎప్పుడూ సగం అవే.

పన్ను కూడా చూసుకోండి. ఫ్లోరిడాలో సిగార్ల మీద రాష్ట్ర పొగాకు పన్ను లేదు. న్యూయార్క్‌లో అది హోల్‌సేల్ ధరలో 75 శాతం. అంటే నేను ఇక్కడ ఆరు డాలర్లకు కొనేది అక్కడి మిత్రుడికి చాలా ఎక్కువే పడుతుంది. ఆ పై డబ్బుకు కారణం పన్నే.

పేర్లు అడిగారు కాబట్టి నాకు బాగా నచ్చినవి రెండు చెబుతాను. ఒకటి బ్రిక్ హౌస్. టాంపాలోని జె.సి. న్యూమన్ కంపెనీది, చుట్టేది మాత్రం నికరాగ్వాలో. ఇందులో రొబస్టో సైజు తీసుకోండి. రొబస్టో అంటే సాధారణంగా ఐదంగుళాల పొడవు, యాభై రింగ్ గేజ్. రింగ్ గేజ్ అంటే అంగుళంలో అరవై నాలుగో వంతు, కాబట్టి యాభై అంటే ముప్పావు అంగుళం కంటే కాస్త ఎక్కువ లావు. రెండోది పడ్రోన్ 2000. హోసె ఒర్లాండో పడ్రోన్ 1964లో మయామీలో మొదలుపెట్టిన కంపెనీ అది. ఆకంతా నికరాగ్వాదే. కొంచెం ఘాటు కాబట్టి కడుపు నిండా తిన్నాకే. మరీ కొత్తయితే కనెక్టికట్ రాపర్ ఉన్నది, లేత గోధుమ రంగులో ఉంటుంది, అది అడగండి. ముదురు రంగు మదురో అంటే ఘాటు అనుకుంటారు, నిజానికి దానిలో తీపి ఎక్కువగా తెలుస్తుంది. ఘాటు లోపలి ఆకును బట్టి ఉంటుంది.

ఇక అసలు విషయం, తొందర. నాలుగేళ్ల కిందట ఒక ఆన్‌లైన్ దుకాణంలో ఇరవై సిగార్ల కట్ట చాలా చవకగా కనిపిస్తే తెప్పించాను. జూలై నెల. గుమ్మం ముందు ఎండలో పెట్టె సగం రోజు పడి ఉంది. సాయంత్రం ఆఫీసు నుంచి రాగానే ఆత్రంగా ఒకటి తీసి వెలిగించాను. పది నిమిషాల్లో రాపర్ నిలువునా చీలింది. కాగితం కాలినట్టు పొగ, గొంతులో మంట. డబ్బు పోయిందని బాధపడి, మిగిలిన పంతొమ్మిదీ డబ్బాలో పడేసి మర్చిపోయాను. ఆరు వారాల తర్వాత ఇంకేమీ లేక అందులోది ఒకటి తీశాను. అదే కట్ట, అదే సిగార్. ఈసారి వేయించిన వేరుశనగ వాసన, చివర్లో కోకో లాంటి చిన్న చేదు. నమ్మలేకపోయాను. ఆ పంతొమ్మిదిలో పదిహేడు చాలా బాగా కాలాయి.

ఆ డబ్బా ఏమీ ఖరీదైనది కాదు. గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బా, అందులో తేమను సరిగ్గా పట్టి ఉంచే బొవేడా ప్యాకెట్ ఒకటి. 65 లేదా 69 శాతం అని దాని మీదే రాసి ఉంటుంది. రెండూ కలిపి పదిహేను డాలర్లలో అయిపోతుంది. సిగార్లు దాచే చెక్క పెట్టె, అంటే హ్యూమిడార్, కొనే డబ్బుతో సిగార్లే కొనుక్కోండి. ఆవకాయ జాడీని ఎలా చూసుకుంటామో దీన్నీ అలాగే చూసుకోవాలి. తడి చెయ్యి పెట్టకూడదు, ఊరికే మూత తీయకూడదు, వేడి తగిలే చోట ఉంచకూడదు. గది బాగా వేడెక్కితే ఆకులో కనిపించకుండా ఉన్న గుడ్లు పొదిగి పొగాకు పురుగు బయటికొస్తుంది, సిగార్‌కు సూది గుచ్చినట్టు చిల్లులు పెడుతుంది. ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకండి. తేమ లాగేస్తుంది, పైగా నిన్నటి సాంబారు వాసన పట్టుకుంటుంది.

కాల్చే రోజు భోజనం చేయండి. ఖాళీ కడుపుతో నికోటిన్ పట్టేస్తే చెమటలు పోసి వాంతి వచ్చినట్టుంటుంది. నాకు మొదటిసారి అలాగే అయింది, చక్కెర నీళ్లు తాగి కూర్చుంటే కాసేపటికి తగ్గింది. మీకు తల తిరిగింది కూడా అందుకే అయ్యుంటుంది.

తలవైపు టోపీలా ఉన్న భాగంలో కొంచెమే కోయాలి. టోపీ గీత దాటితే రాపర్ ఊడిపోతుంది. రెండు డాలర్ల కట్టర్ చాలు. వెలిగించే ముందు ఉత్తిగా ఒక దమ్ము లాగండి, ఎండుగడ్డి లాంటి రుచి వస్తుంది, గాలి ఆడుతోందో లేదో తెలుస్తుంది. తర్వాత నోట్లో పెట్టుకోకుండానే మంటను కాస్త దూరంగా ఉంచి, సిగార్‌ను తిప్పుతూ అంచంతా వెచ్చబెట్టండి. చపాతీని పొయ్యి మీద కాల్చేటప్పుడు మంట తగలనిచ్చీ తగలనివ్వనట్టు తిప్పుతామే, అలా. అంచు చుట్టూ ఎర్రబడ్డాక నోట్లో పెట్టుకుని మెల్లగా లాగండి. పెట్రోల్ లైటర్ వద్దు, ఆ వాసన చివరిదాకా పోదు.

ఆ తర్వాత నిమిషానికి ఒక్క దమ్ము. ఇది చెప్పినంత తేలిక కాదు. సిగరెట్ అలవాటున్నవాళ్లు పది సెకన్లకోసారి లాగేస్తారు. అప్పుడు లోపల వేడి పెరిగి ఆకు మాడిపోతుంది, మీరు చెప్పిన చేదు అదే. అన్నం అడుగంటితే బియ్యాన్ని తిడతామా? మధ్యలో ఆరిపోతే కంగారేమీ లేదు. బూడిద రాల్చి, లోపలికి ఒకసారి మెల్లగా ఊది పాత పొగ బయటికి పంపి, మళ్లీ వెలిగించుకోవచ్చు. బూడిదను మాటిమాటికీ దులపకండి, అంగుళం దాకా దానంతటదే నిలబడుతుంది, నిప్పును చల్లగా ఉంచుతుంది. పొగ నోట్లోనే ఉంచి వదిలేయాలి, మింగకూడదు.

నేను వెనక వరండాలో కూర్చుంటాను, పక్కన ఫిల్టర్ కాఫీ, చక్కెర తక్కువగా. విస్కీతోనే బాగుంటుందని అంటారు గాని, కాఫీ పక్కన నికరాగ్వా ఆకు రుచి నాకు ఇంకా బాగా తెలుస్తుంది. రొబస్టోకు యాభై నిమిషాలు పడుతుంది. ఫోన్ లోపలే వదిలేస్తాను. పూర్వం ఇక్కడి ఫ్యాక్టరీల్లో చుట్టేవాళ్లు పని చేస్తుంటే లెక్తోర్ అనే మనిషి ఎత్తుపీట మీద కూర్చుని వార్తాపత్రికలూ నవలలూ గట్టిగా చదివి వినిపించేవాడట, ఆయనకు జీతం కూలీలే చందాలేసుకుని ఇచ్చుకునేవాళ్లు. 1931లో యజమానులు దాన్ని ఆపేయించారు. తాము చుట్టిన సిగార్‌ను కొనే స్తోమత అందరికీ లేని ఆ మనుషులు రోజంతా ఆ కథలు వింటూ చేతులాడించేవాళ్లు. సిగార్‌కు చుట్టిన కాగితపు బ్యాండ్ దగ్గరికి నిప్పు వచ్చేసరికి నాకు ఎక్కువగా వాళ్లే గుర్తొస్తారు.

రెండు వేళ్ల ఎడం మిగిలాక చాలించండి, అక్కడినుంచి వేడి తప్ప రుచి ఉండదు. నలిపి ఆర్పకండి, యాష్‌ట్రేలో వదిలేస్తే అదే ఆరిపోతుంది, గది కంపు కొట్టదు.

మీ సొరుగులో ఎండిపోయిందే, దాన్ని పారేయకండి. డబ్బాలో 65 శాతం ప్యాకెట్‌తో పెట్టి నెలన్నర మూత తీయకుండా ఉంచండి. ఒకేసారి ఎక్కువ తేమ పట్టిస్తే లోపల ఉబ్బి రాపర్ పగులుతుంది, అందుకే ఇంత నిదానం. తర్వాత వేళ్ల మధ్య మెల్లగా నొక్కి చూడండి. చిటపటమనకుండా కాస్త మెత్తగా దిగి మళ్లీ పైకి లేస్తే సిద్ధమైనట్టే. ఒక ఆదివారం భోజనమయ్యాక వెలిగించి, ఎలా ఉందో ఇక్కడే రాయండి.