డాక్టర్ సలహా: మోకరించగానే దూషణ మాటలు... ఇది సాతాను పోరాటమా, జబ్బా?

ప్రశ్న: నా వయసు 26. మాది ప్రకాశం జిల్లా. నాలుగేళ్లుగా బెంగళూరులో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం చేస్తూ మారతహళ్లిలో పీజీలో ఉంటున్నాను. ఏడు నెలలుగా ప్రార్థనకు మోకరించగానే యేసు ప్రభువును, పరిశుద్ధాత్మను తిట్టే మాటలు మనసులోకి వస్తున్నాయి. నోటితో ఎప్పుడూ అనలేదు. ఒక ఆదివారం చర్చిలో ప్రభువు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆరాధనలో, రొట్టె చేతిలో ఉండగా బూతు మాట వచ్చింది. అప్పటి నుంచి బల్ల మానేశాను. అలాంటి ఆలోచన వస్తే ప్రార్థన మళ్లీ మొదటి నుంచి చేస్తాను. 'యేసు నామంలో గద్దిస్తున్నాను' అని ఏడుసార్లు అంటాను. పడుకునేసరికి రాత్రి రెండవుతోంది. మధ్యాహ్నం వరకు ఉపవాసం ఉంటున్నాను. ఇది సాతాను పోరాటమో, జబ్బో తెలియడం లేదు. క్షమాపణ లేని పాపం చేశానేమోనని భయం. రూమ్మేట్ సైకియాట్రిస్ట్‌కు చూపించుకోమంటోంది. మందులు వేసుకుంటే నా విశ్వాసం తక్కువని ఒప్పుకున్నట్టే కదా?
– ఒక సోదరి, బెంగళూరు

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. 'నోటితో ఎప్పుడూ అనలేదు' అన్నారు. ఏడు నెలలుగా రోజూ వచ్చే మాట ఒక్కసారి కూడా మీ నోరు దాటలేదు. ఆ మాట మీది కాదనడానికి ఇంకేం సాక్ష్యం కావాలి?

ఉత్తరం చూసి జబ్బు ఖాయం చేయకూడదు. ఎదురుగా కూర్చుని మాట్లాడాలి. అయినా మీరు రాసిన తీరు చూస్తే ఇది ఓసీడీ, అంటే అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్ అనిపిస్తోంది. ఇష్టం లేని ఆలోచన పదేపదే రావడం, దాన్ని పోగొట్టుకోవడానికి ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయడం ఈ జబ్బు. ఓసీడీ అనగానే మనవాళ్లకు చేతులు కడుక్కోవడమే గుర్తొస్తుంది. అలా కడిగేవాళ్లకు చేతులకు మురికి అంటిందన్న అనుమానం. మీకు మనసుకు మురికి అంటిందన్న అనుమానం. వాళ్లు మళ్లీ చేతులు కడుగుతారు, మీరు మళ్లీ ప్రార్థన మొదలుపెడతారు. కడిగిన కాసేపు నెమ్మదిగా ఉంటుంది, తర్వాత అనుమానం ఇంకాస్త బలంగా తిరిగొస్తుంది. నూటికి ఒకరిద్దరికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఈ జబ్బు వస్తుంది. వాళ్లలో కొందరికి అది భక్తి దగ్గర పట్టుకుంటుంది.

ఇది క్రైస్తవులకే వచ్చేదీ కాదు. దేవుడి పటం ముందు దీపం పెట్టబోతే పాడు ఆలోచన వస్తోందని ఏడ్చే పెద్దావిడ మా ఓపీకి వస్తారు. వుజూ సరిగ్గా కాలేదేమోనని నమాజుకు ముందు పదిసార్లు కాళ్లూ చేతులూ కడిగే కుర్రాడు వస్తాడు. చంటిబిడ్డను ఎత్తుకుంటే కింద పడేస్తానేమోనన్న ఊహతో వణికిపోయి, బిడ్డను అత్తగారి చేతికిచ్చి దూరంగా కూర్చునే బాలింతలూ ఉన్నారు. ఎవరికి ఏది ప్రాణమో ఈ జబ్బు దాన్నే పట్టుకుంటుంది. మీకు ప్రభువు ప్రాణం కాబట్టే ఆయన మీద పడింది. ప్రభువంటే లెక్కలేని మనిషికి ఈ మాటలు వచ్చినా పట్టించుకోడు, హాయిగా నిద్రపోతాడు.

మందు తాగేటప్పుడు కోతిని తలుచుకోవద్దన్న కథ మీరు వినే ఉంటారు. అంతకు ముందు ఏనాడూ గుర్తురాని కోతి సరిగ్గా గ్లాసు ఎత్తగానే వచ్చి కూర్చుంటుంది. 1987లో డేనియల్ వెగ్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఇదే సంగతిని ప్రయోగం చేసి చూపించారు. తెల్ల ఎలుగుబంటి గురించి ఆలోచించవద్దని విద్యార్థులకు చెప్పి, అది గుర్తొచ్చినప్పుడల్లా గంట కొట్టమన్నారు. గంట మోగుతూనే ఉంది. ఆలోచన రాకూడదని కాపలా కాస్తే, వచ్చిందో లేదో చూడటానికి మనసు దాన్నే వెతుక్కోవాలి. మీరు మోకరించే ముందే 'ఈసారి రాకూడదు' అనుకుంటున్నారు. అక్కడే అది వచ్చేస్తోంది.

అసలు ఇలాంటి ఆలోచన మామూలు మనుషులకు రాదనుకోవద్దు. 1978లో స్టాన్లీ రాక్‌మన్, పద్మల్ డిసిల్వా ఏ జబ్బూ లేనివాళ్లను అడిగి చూస్తే, దాదాపు 80 శాతం మంది తమకూ ఇష్టం లేని వికారమైన ఆలోచనలు వస్తుంటాయని చెప్పారు. వాళ్లకు అది రోడ్డు మీద పోయే బండి హారన్ లాంటిది, విని వదిలేస్తారు. ఓసీడీలో మెదడు ఆ హారన్‌ను ప్రమాద ఘంటగా వింటుంది. 'తప్పు జరిగింది, సరిచెయ్' అని హెచ్చరించే నాడీ వలయాలు ఒకసారి మోగి ఆగకుండా మోగుతూనే ఉంటాయి. ఇందులో మీ శీలం ప్రమేయం ఏమీ లేదు.

ఇక మీ అసలు ప్రశ్న, ఇది సాతాను పోరాటమా అన్నది. నేనూ విశ్వాసినే, కాబట్టి ఆ మాటను దాటవేయను. శోధన, అంటే పాపం వైపు లాగే ప్రేరేపణ, ఉంది. ఆత్మీయ పోరాటం ఉంది. కానీ మనసులోకి వచ్చే ప్రతి చెడ్డ ఆలోచనా శోధన కాదు. శోధన ఎలా పనిచేస్తుందో యాకోబు పత్రిక మొదటి అధ్యాయంలో ఉంది. మనిషి తన సొంత దురాశ చేతనే ఈడ్వబడతాడని, ఆ దురాశ గర్భం ధరించి పాపాన్ని కంటుందని చెబుతుంది. అంటే శోధనలో ఆశ ఉండాలి. ఇదే బెంగళూరులో ఉద్యోగం కోసం ఫేక్ ఎక్స్‌పీరియన్స్ లెటర్ పెట్టాలా వద్దా అని ఊగిసలాడే కుర్రాడికి అది శోధన. అందులో అతనికి లాభం కనిపిస్తోంది, మనసు లాగుతోంది, ఎవరూ చూడటం లేదంటే చేసేస్తాడేమో. రాత్రి ఫోన్‌లో చూడకూడనివి చూసి, ఉదయం పశ్చాత్తాపపడి, మళ్లీ రాత్రికి చూసేవాడిదీ శోధనే. వాళ్లకు కావలసిన సాయం వేరు. ఫోన్ పడకగది బయట పెట్టడం, నమ్మకమైన ఒక మనిషితో దాచకుండా చెప్పుకోవడం లాంటివి. మీ సంగతి చూడండి. ప్రభువును తిట్టాలన్న ఆశ మీలో రవ్వంతైనా ఉందా? ఆ మాట వస్తే ఒళ్లు జలదరిస్తోంది, చెమటలు పడుతున్నాయి, బల్ల దగ్గర నుంచి పారిపోతున్నారు. మీకు అక్కర్లేని సరుకును ఎవరో గుమ్మంలో పడేసి పోతే మీరు కొన్నట్టు కాదమ్మా.

మత్తయి నాలుగో అధ్యాయం మీకు కంఠతా వచ్చే ఉంటుంది. 'నాకు నమస్కరించు' అని సాతాను అన్న మాట, అంతకంటే పెద్ద దూషణ ఏముంటుంది, సాక్షాత్తు ప్రభువు చెవినే పడింది. విన్నందుకు ఆయన పాపి కాలేదు. ఇంకొకటి గమనించండి. మూడు శోధనలకూ ఆయన ద్వితీయోపదేశకాండం నుంచే జవాబిచ్చాడు. ఒక్కో శోధనకు ఒక్కసారే. అదే వచనాన్ని ఏడుసార్లు చెప్పలేదు, మొదటిసారి సరిగ్గా అన్నానా అని మళ్లీ మొదలుపెట్టలేదు. ఎఫెసీ పత్రికలో విశ్వాసమనే డాలు అగ్నిబాణాలను ఆర్పుతుందని ఉంది కదా. బాణం డాలుకు తగిలి కింద పడ్డాక ఏ సైనికుడూ వంగి దాన్ని ఏరుకుని, ఇది ఎవరిది, ఎందుకొచ్చింది, నాలో లోపం వల్లే వచ్చిందా అని రాత్రి రెండింటి దాకా చూస్తూ కూర్చోడు. మీరు చేస్తున్నది అదే.

క్షమాపణ లేని పాపం గురించి. కొన్నేళ్ల క్రితం ఒకాయన తన బైబిల్ తెచ్చి నా టేబుల్ మీద పెట్టారు. అది దానంతటదే మార్కు మూడో అధ్యాయం దగ్గర తెరుచుకుంది. ఆ పేజీ మూల వేలి తడికి నల్లబడి, చిరిగి, సెల్లోటేపు అంటించి ఉంది. పరిశుద్ధాత్మను దూషిస్తే క్షమాపణ లేదనే 28, 29 వచనాల కింద గీసిన గీత కాగితం అవతలికి దిగింది. తర్వాతి వచనం చదవమన్నాను. ముప్పయ్యో వచనాన్ని ఆయన అన్ని రోజులూ చదివి కూడా చదవలేదు. ప్రభువు ఆ హెచ్చరిక ఎవరికి, ఎందుకు చేశాడో అక్కడే ఉంది. ఆయనకు అపవిత్రాత్మ పట్టిందని శాస్త్రులు అన్నారు కాబట్టి. కళ్లెదుట మేలు జరుగుతుంటే చూసి, దాన్ని దయ్యాల పని అని నలుగురిలో నిలబడి చెప్పినవాళ్లు వాళ్లు. వాళ్లలో ఒక్కడూ ఏడ్చినట్టు, క్షమాపణ ఉందా అని భయపడినట్టు అక్కడ లేదు. మీరు ఏడు నెలలుగా ఏడుస్తున్నారు.

'యాత్రికుని ప్రయాణం' రాసిన జాన్ బన్యన్ పేరు మీ ఇంట్లో పెద్దవాళ్లకు తెలిసే ఉంటుంది. క్రీస్తును అమ్మెయ్ అనే మాట తన మనసులో నెలల తరబడి ఆగకుండా మోగేదని, భోజనం దగ్గర కూడా వదిలేది కాదని 1666లో వచ్చిన తన ఆత్మకథలో ఆయనే రాసుకున్నాడు. ఆ రోజుల్లో దీనికి మందు లేదు. మీకు ఉంది.

మందుల మాటకొస్తే, ఫ్లూఓక్సెటిన్, సెర్ట్రలిన్, ఫ్లూవోక్సమైన్ లాంటివి వాడతాం. ఇవి నిద్రమాత్రలు కావు, అలవాటుపడి వదల్లేకపోయే మత్తుమందులూ కావు. మొదటి రెండు వారాలు కొంచెం వికారం, గాభరా, నిద్ర తేడా ఉండొచ్చు. ఓసీడీకి డిప్రెషన్ కంటే ఎక్కువ మోతాదు, ఎక్కువ రోజులు కావాల్సి వస్తుంది. పూర్తి గుణం తెలియడానికి 10 నుంచి 12 వారాలు పడుతుంది. నెలకే 'పనిచేయలేదు' అని మానేసేవాళ్లను చూసి బాధపడుతుంటాను. తగ్గాక కూడా ఏడాదికి తక్కువ కాకుండా వాడి, డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించుకోవాలి. ఉన్నట్టుండి ఆపకూడదు. మీ నాన్నగారు బీపీ మాత్ర వేసుకుంటే ఆయన విశ్వాసం తగ్గిందని మీరు అనుకుంటారా?

మందుతో పాటు, కొందరికి మందు లేకుండానే, ఎక్స్‌పోజర్ అండ్ రెస్పాన్స్ ప్రివెన్షన్ అనే థెరపీ బాగా పనిచేస్తుంది. పేరు పెద్దదే గానీ పద్ధతి తేలిక మాటల్లో చెప్పొచ్చు. భయపెట్టే చోటికి వెళ్లాలి, భయం తీర్చుకోవడానికి చేసే పని మాత్రం చేయకూడదు. ప్రభువును తిట్టమని ఎవరూ అడగరు. అలా అడిగితే లేచి వచ్చేయండి. మీ విషయంలో అది ఇలా ఉంటుంది. ప్రార్థన ఒక్కసారే, పది నిమిషాలు. మధ్యలో పాడు మాట వస్తే రానివ్వండి. గద్దించవద్దు, లెక్కపెట్టవద్దు, వెనక్కి వెళ్లి మొదలుపెట్టవద్దు. మీ వాక్యం పూర్తి చేసి ఆమేన్ అనండి. లేచి పక్క సర్దుకోండి. మొదటి వారం ఛాతీ మీద బండ పెట్టినట్టు ఉంటుంది. ఏమీ చేయకుండా వదిలేస్తే ఆ టెన్షన్ దానంతటదే దిగుతుంది, తర్వాతి రోజుల్లో ఇంకా తొందరగా దిగుతుంది. థెరపిస్ట్ తోడుంటే ఇది సులువు.

ఉపవాసం ఇప్పుడు ఆపేయండి. ఈ మాట గట్టిగానే చెబుతున్నాను. నిద్ర లేక, తిండి లేక నీరసించిన మెదడులో ఓసీడీ రెట్టింపవుతుంది. బైబిల్లో ఏలీయా ప్రవక్త చచ్చిపోతానని బదరీ చెట్టు కింద పడుకున్నప్పుడు దూత ఆయనకు ప్రసంగం చేయలేదు. రొట్టె, నీళ్లు ఇచ్చి, పడుకోనిచ్చి, మళ్లీ లేపి తినమంది. పీజీలో ఉదయం ఇడ్లీ ఉంటే ఇడ్లీ, లేకపోతే పాలూ అరటిపండూ తినండి. రాత్రి 11కి లైటు ఆర్పేయండి.

మీ పాస్టరుగారితో మాట్లాడండి, దాచవద్దు. ఒక్క సాయం అడగండి. 'నాకు క్షమాపణ ఉందా అని నేను మళ్లీ మళ్లీ అడుగుతాను. ఒకసారి చెప్పాక ఇక జవాబు చెప్పకండి, నాతో కలిసి ఒక పాట పాడండి' అని. ఓదార్పు కోసం పదేపదే అడగడం కూడా చేతులు కడగడమే. మంచి కాపరి అర్థం చేసుకుంటాడు. ఎవరైనా మందులు పారేయమన్నా, దయ్యం వదిలిస్తామని కొట్టినా, గదిలో పెట్టినా, అక్కడి నుంచి వచ్చేయండి. అది సేవ కాదు.

ఆఫీసులో తెలుస్తుందేమోనన్న భయం వద్దు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మీ వివరాలు గోప్యంగా ఉంచాల్సిన బాధ్యత డాక్టరుది. ఇతర జబ్బులకు ఇచ్చినట్టే మానసిక జబ్బులకూ బీమా ఇవ్వాలని కూడా అదే చట్టం చెబుతోంది.

ఒక సంగతి మాత్రం ఆలస్యం చేయకూడదు. మనసులో కాకుండా చెవికి బయటి నుంచి గొంతు వినిపించి ఇది చెయ్ అది చెయ్ అంటున్నా, బతికి లాభం లేదనిపిస్తున్నా, రెండు మూడు రోజులు అసలు నిద్ర లేకపోయినా, ఆ రోజే రూమ్మేట్‌ను తోడు తీసుకుని ఆసుపత్రికి వెళ్లండి. అర్ధరాత్రి అయితే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. ఆ నంబరు రోజంతా పనిచేస్తుంది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు.

బెంగళూరులోనే ఉన్నారు కాబట్టి హోసూరు రోడ్డులో నిమ్హాన్స్ అనే మానసిక, నరాల జబ్బుల ఆసుపత్రి ఉంది, అక్కడ ఓసీడీకి ప్రత్యేక క్లినిక్ కూడా ఉంది. ఓపీలో రద్దీ ఎక్కువ, పొద్దున్నే వెళ్లండి, టిఫిన్ చేసి వెళ్లండి. తెలుగు తెలిసిన డాక్టరు ఉంటే బాగుంటుందని రిజిస్ట్రేషన్‌లోనే అడగండి. వాళ్లు థైరాయిడ్, రక్తహీనత పరీక్షలు రాస్తే చేయించుకోండి. లోపల ఆ మాటలు పైకి చెప్పడానికి నోరు రాకపోతే నాకు రాసిన ఈ ఉత్తరాన్నే కాగితం మీద తీసుకెళ్లి చేతికివ్వండి. ఈ ఆదివారం బల్ల ఉంటే వెళ్లి తీసుకోండి. రొట్టె చేతిలో ఉండగా ఆ మాట వస్తుంది. వచ్చినా తినండి.