సన్న సిగార్, సముద్రపు తేమ: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: బంధువులు ఒకరు కోహిబా లాన్సెరో అనే క్యూబా సిగార్ల పెట్టె ఇచ్చారు. అడుగున సిరాతో మూడు అక్షరాల ముద్ర, దాని పక్కన ‘ఏబీఆర్ 14’ అని ఉంది. ఇంత పాతవి పాడైపోయి ఉంటాయా? రుచి తెలియాలంటే ఎలా తాగాలి?
– ఎంవీపీ కాలనీ పాఠకుడు

జవాబు: ముందు ముద్ర సంగతి. మూడు అక్షరాలు ఫ్యాక్టరీ గుర్తు. తర్వాతది స్పానిష్‌లో నెల, ఏడాది. మీ పెట్టె 2014 ఏప్రిల్‌లో కట్టింది. ‘ఈఎన్ఈ’ ఉంటే జనవరి, ‘ఏజీఓ’ ఉంటే ఆగస్టు, ‘డీఐసీ’ ఉంటే డిసెంబరు. సరిగ్గా దాచి ఉంటే పాడవడం మాట అటుంచండి, ఈ సిగార్‌కు ఇదే మంచి వయసు.

లాన్సెరో పొడవు 192 మిల్లీమీటర్లు, రింగ్ గేజ్ 38. అంగుళాన్ని 64 భాగాలు చేస్తే అందులో 38 భాగాల మందం, అంటే సుమారు 15 మిల్లీమీటర్లు. ఇంత సన్నదానిలో లోపలి ఆకు తక్కువ కాబట్టి పైన చుట్టిన ఆకు రుచి నాలుకకు బాగా తెలుస్తుంది. కోహిబా కోసం సెకో (మొక్క నడిమి ఆకు), లిగెరో (మొక్క కొస ఆకు) ఆకులను పీపాల్లో మూడోసారి కూడా పులియబెడతారు. అయినా కొత్తలో కాస్త అమోనియా ఘాటు ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ అది పోయి, నికోటిన్ పదును తగ్గి, తేనె, ఎండుగడ్డి, దేవదారు చెక్క, వేయించిన గింజల వాసనలు పైకొస్తాయి. మరీ ముదిరితే రుచి చప్పబడుతుంది. అందుకే మొత్తం పెట్టె దాచుకోకుండా ఏడాదికి ఒకటి రెండు తీసి చూడండి.

తలవైపు, అంటే నోట్లో పెట్టుకునే కొసన, చిన్న పిలక ఉంటుంది. దాన్ని మెలితిప్పి తుంచేసి, వెలిగించకుండానే గాలి లాగి చూడండి. సులువుగా వస్తే కత్తిరించే పనే లేదు. బిగుతుగా ఉంటే పదునైన కట్టర్‌తో ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్లు మాత్రమే కోయండి. అంతకు మించితే తలను మూసే టోపీ ఆకు ఊడి, చుట్టు విడిపోతుంది. పంచ్ కట్టర్ సన్న సిగార్‌కు పనికిరాదు. అది చేసే చిన్న రంధ్రం దగ్గర తారు పేరుకుని చివర్లో చేదెక్కుతుంది.

వెలిగించడానికి పొడవాటి అగ్గిపుల్ల చాలు. గీసిన వెంటనే దగ్గర పెట్టకుండా గంధకం వాసన పోనివ్వండి. మంటకు అంగుళం ఎత్తున సిగార్ కొసను తిప్పుతూ అంచంతా ఎర్రబడేదాకా వేడి చేసి, ఆ తర్వాతే మొదటి దమ్ము లాగండి. జెట్ లైటర్ ఈ మందానికి ఎక్కువ, పై ఆకును మాడ్చేస్తుంది. పెట్రోలు లైటర్ అసలే వద్దు, ఆ కంపు చివరిదాకా పోదు.

ఇక వేగం. సన్న సిగార్‌తో వచ్చే తిప్పలు చాలామటుకు తొందర వల్లే. నిమిషానికి ఒక దమ్ము మించకూడదు, నిమిషంన్నరకు ఒకటైతే ఇంకా మేలు. బూడిదకు అంగుళం వెనక వేలు ఆనించి చూడండి. చురుక్కుమంటే రెండు నిమిషాలు ఆగండి. నోట్లో నింపుకున్న పొగలో ముప్పాతిక భాగం బయటికి వదిలి, మిగిలిన కాస్తా ముక్కు గుండా మెల్లగా పోనివ్వండి. నాలుకకు అందని వాసనలు అక్కడే తెలుస్తాయి. ఊపిరితిత్తుల్లోకి మాత్రం లాగకూడదు. మొదటి భాగంలో తేనె, గడ్డి, మధ్యలో చెక్క, కాఫీ, చివర్లో తోలు, మిరియం వరుసగా వస్తే సిగార్ బాగా నిలవైందని అర్థం. ఇలా తాగితే గంట దాటుతుంది, గంటన్నర కూడా పట్టొచ్చు. అంత తీరిక లేని రోజున దాని జోలికి పోవద్దు.

ప్రశ్న: సిగార్లు దాచే పెట్టె (హ్యూమిడార్)లో తేమ కొలిచే హైగ్రోమీటర్ 78 శాతం చూపిస్తోంది. సిగార్ ఒకవైపే కాలుతోంది, ఊరికే ఆరిపోతోంది, చేదుగా ఉంది. నీళ్ల స్పాంజి వారం వారం తడుపుతున్నాను.
– గాజువాక పాఠకుడు

జవాబు: ఆ స్పాంజి ఇప్పుడే తీసేయండి. పొడి ఊళ్లకు రాసిన సలహాలు విశాఖకు నప్పవు. ఇక్కడ సముద్రపు గాలే కావలసినంత తేమ తెస్తుంది, వర్షాకాలంలో మరీనూ. తడిసిన ఆకు ఉబ్బుతుంది. లావు సిగార్‌లో ఆ ఉబ్బుకు కాస్త చోటుంటుంది, 38 గేజ్‌లో ఉండదు. గాలి దారి మూసుకుంటుంది, మీరు గట్టిగా లాగుతారు, నిప్పు వేడెక్కుతుంది, చేదు పుడుతుంది. మీరు రాసిన మూడు బాధలకూ మూలం ఇదొక్కటే.

ముందు హైగ్రోమీటర్ నిజం చెబుతోందో లేదో తేల్చుకోండి. సీసా మూతలో చెంచా ఉప్పు పోసి, కొన్ని చుక్కల నీళ్లతో తడి ఇసుకలా చేయండి. ఉప్పు కరిగిపోకూడదు. దాన్నీ హైగ్రోమీటర్‌నూ జిప్ కవర్‌లో పెట్టి గాలి చొరకుండా మూసి, ఎనిమిది గంటలు వదిలేయండి. అప్పుడు 75 చూపించాలి. 79 చూపిస్తే మీ మీటరు నాలుగు ఎక్కువ చెబుతోందన్నమాట. ఇకపై ఆ నాలుగు తీసేసి లెక్క వేసుకోండి.

తర్వాత 65 శాతం అని రాసి ఉన్న రెండు వైపులా పనిచేసే తేమ ప్యాకెట్ పెట్టండి. అది ఎక్కువైన తేమను పీల్చుకుంటుంది, తక్కువైతే వదులుతుంది. గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బాలో సెడార్ చెక్క ముక్క వేసి దాచినా సరిపోతుంది. తాగాలనుకున్న సిగార్‌ను రెండు రోజుల ముందే బయటికి తీసి, ప్యాకెట్ లేని ఖాళీ చెక్కపెట్టెలో ఏసీ గదిలో ఉంచండి. ఒక్క ఈ పనితోనే సన్న సిగార్ సగం దారికొస్తుంది. ఫ్రిజ్‌లో దాచొద్దు, కూరల వాసన పడుతుంది. బీరువాలో కలరా ఉండల పక్కన, దేవుడి గదిలో కర్పూరం పక్కన అసలే వద్దు.

ప్రశ్న: రెండు సిగార్ల మీద గుండుసూది గుచ్చినట్టు రంధ్రాలున్నాయి. మిగిలినవి పారేయాలా?
– సీతమ్మధార పాఠకురాలు

జవాబు: అవి పొగాకు పురుగు చేసిన రంధ్రాలు. గుడ్లు ఆకులోనే ఉంటాయి, వేడి 25 డిగ్రీలు దాటి తేమ కూడా ఉంటే పొదుగుతాయి. మే నెలలో మూసిన ఇంట్లో ఇంకేం కావాలి? రంధ్రాలు పడ్డవి పారేయండి. మిగతావి రెండు జిప్ కవర్లలో మూసి, మైనస్ 20 డిగ్రీల ఫ్రీజర్‌లో మూడు రోజులు, తర్వాత కింది ఫ్రిజ్‌లో ఒక రోజు, ఆపైన గదిలో ఒక రోజు ఉంచి అప్పుడే కవరు తెరవండి. ఫ్రీజర్ నుంచి నేరుగా గదిలోకి తెస్తే పై ఆకు పగులుతుంది. ఆకు మీద నూగులా పచ్చగానో నీలంగానో కనిపిస్తే అది బూజు. కాలే కొస లోపలికి పాకితే ఆ సిగార్ వదులుకోవాల్సిందే.

ప్రశ్న: బీచ్ రోడ్డు వైపు బాల్కనీలో కూర్చుని తాగితే రుచే తెలియడం లేదు. ఎందుకు?
– పాండురంగాపురం పాఠకుడు

జవాబు: గాలి. మీరు లాగకపోయినా అది నిప్పును రాజేస్తూనే ఉంటుంది, గాలి తగిలిన వైపు ముందు కాలిపోతుంది. గోడ చాటుకు జరగండి, సీలింగ్ ఫ్యాన్ కింద కూడా వద్దు. వంకర మొదలైతే వెనకబడ్డ అంచుకు మాత్రం కాస్త మంట చూపించండి. ఆవకాయ భోజనం చేసిన వెంటనే కూడా రుచి తెలియదు. గంట ఆగి, నీళ్లు తాగి మొదలుపెట్టండి. చక్కెర లేని కాఫీ పక్కన ఉన్నా ఇబ్బంది లేదు.

ప్రశ్న: మా నాయనమ్మ అడ్డపొగ తాగేది. సిగార్ పొగ మింగం కాబట్టి ప్రమాదం లేదంటారు. నిజమేనా?
– భీమిలి పాఠకుడు

జవాబు: నిజం కాదు. సిగార్ పొగకు క్షారగుణం ఎక్కువ. నికోటిన్ నోటి చర్మం నుంచే ఒంట్లోకి పోతుంది. నోరు, నాలుక, గొంతు క్యాన్సర్ల ముప్పు అలాగే ఉంటుంది. నిప్పు కొస నోట్లో పెట్టుకునే అడ్డపొగతో ఉత్తరాంధ్ర తీరంలో అంగిలి క్యాన్సర్లు వచ్చాయని వైద్యులు ఎన్నో ఏళ్లుగా రాస్తున్నారు. ఇంట్లో ఆ అలవాటు ఉన్నవాళ్ల అంగిలి ఒకసారి డాక్టరుకు చూపించండి. మీకైనా నోట్లో తెల్లమచ్చ గానీ, రెండు వారాలకూ మానని పుండు గానీ ఉంటే సిగార్ పక్కన పెట్టి ముందు పరీక్ష చేయించుకోండి. పిల్లలు, గర్భిణులు ఉన్న ఇంట్లో తలుపులు మూసి తాగొద్దు. బహిరంగ స్థలాల్లో పొగ తాగడం ఎలాగూ నిషేధమే, 2008 అక్టోబరు 2 నుంచి ఆ నిబంధనలు అమల్లో ఉన్నాయి.

ప్రశ్న: సగం తాగి ఆర్పి, మర్నాడు వెలిగించుకోవచ్చా?
– మధురవాడ పాఠకుడు

జవాబు: మర్నాటికి పనికిరాదు, చల్లారిన తారు ఆకులోకి ఇంకి కంపు కొడుతుంది. అదే పూట అయితే ఫర్వాలేదు. నలిపి ఆర్పకుండా యాష్‌ట్రే అంచున పెడితే దానంతట అదే ఆరుతుంది. మళ్లీ వెలిగించే ముందు బూడిద రాల్చి, మంట చూపిస్తూ ఒకసారి లోపలి నుంచి బయటికి మెల్లగా ఊదండి. నిలవ పొగ పోతుంది. లాన్సెరో సన్నం కాబట్టి అరగంట దాటకముందే ఈ పని చేయండి.